పసిపిల్లల క్రీముల్లో పరిమళం: లేబుల్ చదవడం నుంచి ప్యాచ్ టెస్ట్ దాకా

పిల్లల లోషన్‌లో కలిపే ప్రతి పదార్థానికీ ఏదో ఒక పని ఉంటుంది. గ్లిజరిన్, నూనెలు చర్మంలోని తేమను పట్టి ఉంచుతాయి, ఎమల్సిఫయర్ నీటినీ నూనెనూ విడిపోనివ్వదు, ప్రిజర్వేటివ్ సీసాలో సూక్ష్మజీవులు పెరగకుండా చూస్తుంది. పరిమళ ద్రవ్యం ఒక్కటే బిడ్డ చర్మానికి ఏ మేలూ చేయదు. అది బిడ్డను ఎత్తుకుని ముద్దాడే పెద్దవాళ్ల కోసం కలిపేది. సౌందర్య సాధనాల వల్ల వచ్చే చర్మ అలర్జీలకు ముఖ్య కారణాల్లో ఒకటిగా చర్మవైద్యులు చాలాకాలం క్రితమే గుర్తించినదీ దాన్నే. అందువల్ల భయపడి ఇంట్లోవన్నీ పారబోయనక్కర లేదు గానీ, తీసేసినా బిడ్డకు ఏమీ తక్కువ కాని పదార్థం ఇదొక్కటే అన్న లెక్కతో మొదలుపెట్టడం మంచిది.

పసిపిల్లల చర్మంలో అన్నిటికన్నా పైనుండే పొర పెద్దవాళ్లతో పోలిస్తే దాదాపు 30 శాతం పలుచన. బరువుతో పోల్చి చూస్తే వాళ్ల ఒంటి వైశాల్యం ఎక్కువ కాబట్టి, ఒళ్లంతా రాసిన క్రీము మోతాదు కిలోకు లెక్క కడితే మనకన్నా ఎక్కువే పడుతుంది. డైపర్ కింద చర్మం ఎప్పుడూ తడిగా, మూసుకుని ఉంటుంది కాబట్టి అక్కడ రాసినది మరింత లోపలికి ఇంకుతుంది. పరిమళ అణువులు చాలా చిన్నవి. అవి పై పొరను దాటి చర్మంలోని ప్రొటీన్లకు అతుక్కున్నప్పుడు, కొందరిలో రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తు ఒకసారి పడితే సాధారణంగా జీవితాంతం పోదు. చాలామంది పిల్లలకు ఇలాంటిదేమీ జరగదు; ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) ఉన్న పిల్లల్లో మాత్రం చర్మపు కంచె ముందే దెబ్బతిని ఉంటుంది కాబట్టి జాగ్రత్త రెట్టింపు అవసరం.

మొదటి మెట్టు: ఇంట్లో ఉన్నవన్నీ ఒకచోట పెట్టడం

బారసాలకు వచ్చిన గిఫ్ట్ సెట్లతో సహా బిడ్డ ఒంటికి తగిలే ప్రతి వస్తువునూ బల్ల మీద పెట్టండి. సబ్బు, షాంపూ, నూనె, లోషన్, పౌడర్, డైపర్ క్రీము, వెట్ వైప్స్, దోమల రోలాన్ లేదా స్టిక్కర్, బట్టలుతికే ద్రవం, ఫ్యాబ్రిక్ కండిషనర్, చివరికి అమ్మమ్మ డబ్బాలో పోసిన సున్నిపిండి కూడా. తర్వాత వాటిని రెండు వరసలుగా విడదీయండి: ఒంటి మీద ఉండిపోయేవి ఒకవైపు, నీళ్లతో కడిగేసేవి మరోవైపు. లోషన్, నూనె, పౌడర్, డైపర్ క్రీము మొదటి వరసలోకి వస్తాయి. వైప్స్‌ను చాలామంది రెండో వరసలో పెడతారు, కానీ తుడిచాక ఎవరూ కడగరు కాబట్టి అవి మొదటి వరసలోవే. రోజుకు ఏడెనిమిది సార్లు, అదీ ఒరిసిపోయిన చర్మం మీద వాడేవి కాబట్టి, ఆ వరసలో అన్నిటికన్నా ముందు నిలబెట్టాల్సినవి అవే.

ఈ తేడా ఊరికే చెప్పేది కాదు. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో ఒక అలర్జీకారక పరిమళాన్ని లేబుల్ మీద పేరుతో చెప్పాల్సిన పరిమితి ఒంటి మీద ఉండిపోయే వాటికి 0.001 శాతం, కడిగేసే వాటికి 0.01 శాతం. అంటే మొదటి వరస విషయంలో వాళ్లు పది రెట్లు కఠినంగా ఉన్నారు.

రెండో మెట్టు: వెనకవైపు చదవడం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. మన దేశంలో సౌందర్య సాధనాలకు వర్తించేవి 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్. వాటి ప్రకారం 1 శాతం కన్నా ఎక్కువ ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాయవచ్చు. పరిమళం దాదాపు ఎప్పుడూ ఈ రెండో గుంపులోనే ఉంటుంది. కాబట్టి జాబితాలో పరిమళం అన్నిటికన్నా చివర కనిపించినంత మాత్రాన అది అన్నిటికన్నా తక్కువ ఉందని అనుకోవడానికి వీల్లేదు. హద్దు ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది: ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌కు అనుమతించే గరిష్ఠ పరిమితి 1 శాతమే కాబట్టి, దాని పేరు తర్వాత కనిపించేవి సాధారణంగా 1 శాతానికి లోపలివి. పరిమళం దానికన్నా చాలా ముందు కనిపిస్తే ఆ సీసాను మళ్లీ షెల్ఫులో పెట్టేయవచ్చు.

ఇంగ్లీషు అక్షరాల్లో వెతకాల్సిన మాటలు కొన్నే: ఫ్రాగ్రెన్స్, పర్‌ఫ్యూమ్, పార్‌ఫమ్, అరోమా. ఆయుర్వేద లైసెన్సుతో అమ్మే బేబీ నూనెల మీద మూలికల పేర్లన్నీ మోతాదులతో సహా రాసి, చివర పర్‌ఫ్యూమ్ క్యూ.ఎస్. అని ఉండవచ్చు. క్యూ.ఎస్. అంటే తగినంత అని అర్థం. ఎంత తగినంతో తయారుచేసినవాళ్లకే తెలుసు. ఈ ఒక్క మాట వెనక ఒక పదార్థం ఉండవచ్చు, పదుల కొద్దీ ఉండవచ్చు. ప్రపంచవ్యాప్తంగా పరిమళ పరిశ్రమ వాడే ముడి పదార్థాలు మూడు వేలకు పైగా ఉన్నాయి.

కొన్ని కంపెనీలు, ముఖ్యంగా ఎగుమతి చేసేవీ దిగుమతి అయ్యేవీ, ఐరోపా పద్ధతిలో అలర్జీకారకాల పేర్లు విడిగా ఇస్తాయి. లినలూల్, లిమోనిన్, సిట్రొనెలాల్, జెరానియాల్, సిట్రాల్, యూజినాల్, ఐసోయూజినాల్, సిన్నమాల్, సిన్నమిల్ ఆల్కహాల్, హైడ్రాక్సీసిట్రొనెలాల్, కౌమరిన్, బెంజైల్ శాలిసిలేట్, హెక్సిల్ సిన్నమాల్ అన్నవి తరచుగా కనిపించేవి. పేర్లు కనిపించాయని ఆ కంపెనీని అనుమానించకండి. దాచకుండా చెప్పింది కాబట్టి, అలర్జీ తేలిన బిడ్డ తల్లిదండ్రులకు నిజంగా ఉపయోగపడే లేబుల్ అదే. ఐరోపాలో 2005 నుంచి ఇలాంటి 26 పదార్థాల పేర్లు చెప్పడం తప్పనిసరిగా ఉంది. 2023లో వచ్చిన నిబంధనతో ఆ జాబితా 80 దాటింది. అది మార్కెట్లోకి కొత్తగా వచ్చే వస్తువులకు 2026 జూలై 31 నుంచి, పాత వాటికి 2028 జూలై 31 నుంచి వర్తిస్తుంది.

బెంజైల్ ఆల్కహాల్ ఉంటే కాస్త ఆగి చూడండి. అది పరిమళంగానూ ప్రిజర్వేటివ్‌గానూ పనిచేస్తుంది కాబట్టి, పరిమళం కలపలేదని రాసిన క్రీములో కూడా న్యాయంగానే కనిపించవచ్చు. అలాగే లిలియల్ అన్న పేరుతో పరిశ్రమలో చలామణి అయిన బ్యూటైల్‌ఫినైల్ మిథైల్‌ప్రొపియోనాల్ లేబుల్ మీద ఉంటే ఆ వస్తువును వాడకండి. సంతానోత్పత్తి శక్తికి హాని చేసే పదార్థంగా వర్గీకరించి 2022 మార్చి 1 నుంచి ఐరోపాలో దాన్ని నిషేధించారు. హార్మోన్లకు అడ్డుపడతాయన్న అనుమానమున్న థాలేట్లు అనే రసాయనాల విషయంలో లేబుల్ పెద్దగా సాయపడదు: డైఇథైల్ థాలేట్ పరిమళాన్ని కరిగించే ద్రావకంగా పర్‌ఫ్యూమ్ అన్న మాటలోనే కలిసిపోవచ్చు. డీబీపీ, డీఈహెచ్‌పీ వంటి ప్రమాదకరమైన థాలేట్లను ఐరోపా సౌందర్య సాధనాల్లో నిషేధించింది, డైఇథైల్ థాలేట్‌ను నిషేధించలేదు. దాని గురించి బెంగపడేవాళ్లకు ఉన్న సులువైన దారి పరిమళం లేనిదాన్ని కొనడమే.

ఒక చిన్న చిక్కు ఉంది. 60 మిల్లీలీటర్ల కన్నా తక్కువ ద్రవానికి, 30 గ్రాముల కన్నా తక్కువ క్రీముకు పదార్థాల జాబితా ముద్రించనవసరం లేదని మన నిబంధనల్లో మినహాయింపు ఉంది. ప్రయాణాల కోసం కొనే చిన్న సీసాలు, గిఫ్ట్ సెట్లలోని బుల్లి డబ్బాలు దీని కిందికే వస్తాయి. అదే వస్తువు పెద్ద సీసాను దుకాణంలో తిప్పి చదివితే సరిపోతుంది.

మూడో మెట్టు: ముందువైపు మాటలకు విలువ కట్టడం

అన్‌సెంటెడ్ అన్నదానికీ ఫ్రాగ్రెన్స్ ఫ్రీ అన్నదానికీ తేడా ఉంది. మొదటిది వాసన తెలియదని చెబుతుంది, అంతే. ముడి పదార్థాల వాసనను కప్పడానికి మరో పరిమళం కలిపి ఉండవచ్చు. రెండోదే మనకు కావలసినది, అయినా వెనకవైపు జాబితాతో సరిచూసుకోండి. హైపోఅలర్జెనిక్ అన్న మాటకు అమెరికాలో కూడా చట్టబద్ధమైన నిర్వచనం లేదు. డెర్మటాలజికల్లీ టెస్టెడ్ అంటే పరీక్షించారని తెలుస్తుంది, ఎంతమంది మీద, ఏ ఫలితం వచ్చిందో తెలియదు.

ఇక్కడే ఒక విడ్డూరం చెప్పాలి. ఐరోపా బొమ్మల భద్రతా నిబంధన 55కు పైగా అలర్జీకారక పరిమళాలను బొమ్మల్లో నిషేధించింది. వాటిలో కొన్నిటిని బిడ్డ ఒంటికి రాసే లోషన్‌లో మాత్రం, పేరు చెబితే చాలు, వాడుకోనిచ్చింది. నార్డిక్ దేశాల్లో పర్యావరణహితమైన వస్తువులకిచ్చే స్వాన్ ఎకోలేబుల్ ముద్ర మాత్రం శిశువులకు, పిల్లలకు ఉద్దేశించిన వస్తువుల్లో పరిమళమే ఉండకూడదంటుంది. నా మట్టుకు ఆ పద్ధతే సబబుగా తోస్తుంది.

నాలుగో మెట్టు: సహజమైనవాటిని కూడా అదే తూకంతో తూచడం

లావెండర్ నూనెలో లినలూల్, నారింజ తొక్క నూనెలో లిమోనిన్, గులాబీలో సిట్రొనెలాల్, జెరానియాల్, లవంగంలో యూజినాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్ ఉంటాయి. రెండో మెట్టులో చదివిన పేర్లే ఇవన్నీ. అణువు చెట్టు నుంచి వచ్చిందా, కర్మాగారం నుంచి వచ్చిందా అన్నది చర్మానికి తెలియదు. పైగా లినలూల్, లిమోనిన్ గాలి తగిలి ఆక్సీకరణ చెందితే హైడ్రోపెరాక్సైడ్లుగా మారి మరింత బలమైన అలర్జీకారకాలవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్ ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీదో, పడమటి కిటికీ గట్టు మీదో మూత సరిగా పెట్టకుండా వదిలేసిన బేబీ ఆయిల్ సీసాకు జరిగేది ఇదే. సీసా మీద తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 6ఎం లేదా 12ఎం అన్న గుర్తు ఉంటే, తెరిచాక అన్ని నెలల్లో వాడేయాలని అర్థం.

మన ఇళ్లలో అసలు చర్చ సున్నిపిండి దగ్గర వస్తుంది. పెసరపిండి, శనగపిండి, కొద్దిగా పసుపుతో ఆగిపోయే సున్నిపిండితో, మెత్తగా జల్లించి రుద్దకుండా వాడితే, ఆరోగ్యమైన చర్మం ఉన్న బిడ్డకు పెద్ద ఇబ్బంది ఉండదు. బేగంబజార్ పచారీ దుకాణంలో వాసన కోసం అడిగి కలిపించుకునేవాటితోనే చిక్కు: కచ్చూరాలు, వట్టివేళ్లు, ఎండు గులాబీ రేకులు, నారింజ తొక్కలు, బావంచాలు. వీటిలో బావంచాలను కచ్చితంగా తీసేయించండి. ఆ గింజల్లో సోరాలెన్ ఉంటుంది. బొల్లి చికిత్సలో ఎండతో కలిపి వాడేది దాన్నే. అది అంటిన చర్మానికి ఎండ తగిలితే ఎర్రబారి, పొక్కులెక్కి, తర్వాత నల్లటి మచ్చలు మిగలవచ్చు. మర పట్టించి తెచ్చిన పిండిలో అది ఉందో లేదో చూపుతో చెప్పలేం కాబట్టి, పట్టించకముందే పొట్లాలు విప్పి చూసుకోవాలి. బావంచాలు ముదురు రంగులో, చిన్నగా, కాస్త నొక్కుకుపోయినట్టుండే గింజలు. ప్యాకెట్లలో వచ్చే సున్నిపిండి అయితే వెనకవైపు పర్‌ఫ్యూమ్ అన్న మాట కోసం చూడండి.

సాంబ్రాణి చెట్ల బంక. పరిమళ అలర్జీ ఉన్నవాళ్లలో కొందరికి అదీ పడదు. చర్మం సంగతి పక్కనపెట్టినా, తలంటు పోశాక బిడ్డను పొగ మీద పట్టుకోవడం ఊపిరితిత్తులకు మంచిది కాదు; జుట్టు మెత్తటి తువ్వాలుతో అద్దితే ఆరుతుంది. పత్తర్‌గట్టీ, చార్మినార్ దుకాణాల అత్తరు ఈ ఊరి వైభవంలో భాగం, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. అయితే రంజాన్‌కో పెళ్లికో అత్తరు పూసుకున్న మెడ మీదే బిడ్డ బుగ్గ ఆనుతుందని గుర్తుంచుకుని, చర్మానికి బదులు బిడ్డ తగలని చోట బట్టలకు అద్దుకోవడం మంచిది. బిడ్డ చెవి వెనక, మణికట్టు మీద మాత్రం వద్దు.

జలుబు చేసినప్పుడు కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి ఛాతీకి రాసే అలవాటు గురించి గట్టిగా చెప్పక తప్పదు. కర్పూరం చర్మం గుండా ఇంకుతుంది, నోట్లోకి పోతే చిన్న మోతాదుకే పసిపిల్లలకు ఫిట్స్ రావచ్చు. అమెరికాలో అమ్మే కర్పూరపు బామ్‌ల మీద రెండేళ్ల లోపు పిల్లలకు వాడవద్దని రాసి ఉంటుంది, వాటిలో కర్పూరం 11 శాతం మించకూడదన్న పరిమితి కూడా ఉంది. ఇంట్లో కాచిన నూనెలో ఎన్ని బిళ్లలు పడ్డాయో దానికి ఏ పరిమితీ లేదు. నీలగిరి తైలం సీసానూ పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి.

ఐదో మెట్టు: ఏది ముందు మార్చాలో నిర్ణయించుకోవడం

అన్నీ ఒకేసారి మార్చడం ఖర్చే కాక, ఏది మార్చితే మేలు జరిగిందో తెలియకుండా పోతుంది. ముందుగా వైప్స్, డైపర్ క్రీము. ఇంట్లో ఉన్నప్పుడు వైప్స్ బదులు గోరువెచ్చటి నీళ్లు, దూది చాలు. బయటికి వెళ్లినప్పుడే పరిమళం లేని వైప్స్ వాడండి. వాటి జాబితాలో మిథైల్‌ఐసోథయజోలినోన్ లేదని కూడా చూసుకోండి, అది పరిమళం కాదు, ప్రిజర్వేటివ్, కానీ వైప్స్ వల్ల వచ్చే అలర్జీల్లో దాని పాత్ర పెద్దది. రెండోది ఒళ్లంతా రాసే లోషన్, నూనె. పరిమళం లేని పెట్రోలియం జెల్లీ చవకైనది, నమ్మదగినది. కొబ్బరినూనె వాడేవాళ్లు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఉన్న వంటనూనె సీసానే కొనాలి. మల్లె వాసన వేసే తలనూనెలో కొబ్బరినూనె ఉన్నా అది వేరే వస్తువు. ఆలివ్ నూనె చర్మపు పై పొరను బలహీనపరుస్తుంది కాబట్టి, ఖరీదు చూసి మేలని తీసుకోకండి.

పౌడర్ విషయంలో మార్చడం కన్నా మానడమే సరి. ఎండాకాలం చెమటకాయలకు మెడ మడతల్లో పౌడర్ దట్టంగా పూయడం మనకు అలవాటు. చెమటతో కలిసి అది ముద్ద కట్టి, అందులోని పరిమళాన్ని ఒరుసుకునే చర్మం మీదే పట్టి ఉంచుతుంది. పొడి గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుందని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా వద్దంటుంది. చల్లటి నీళ్లతో తుడిచి, పలుచటి నూలు చొక్కా వేసి, ఫ్యాను కింద పడుకోబెట్టండి.

దోమల స్టిక్కర్లు, రోలాన్‌లలో ఎక్కువగా ఉండేది సిట్రొనెల్లా నూనె, అందులోనూ ఈ అలర్జీకారకాలే ఉంటాయి. డెంగీ కాలంలో దోమల్ని తేలిగ్గా తీసుకోమని ఎవరూ చెప్పరు. పసిబిడ్డకు దోమతెర, పొడుగు చేతుల చొక్కా నమ్మకమైన రక్షణ. సబ్బు, షాంపూ కొంచెం ఆగవచ్చు. కాకపోతే బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు వాడే కాలనీల్లో నీటి కాఠిన్యం వల్ల సబ్బు సరిగా వదలక చర్మం మీద పొరగా మిగులుతుంది, దాంతోపాటు పరిమళమూ మిగులుతుంది. అలాంటి చోట సబ్బు తగ్గించి, పరిమళం లేని సిండెట్ బార్ (సబ్బులా కనిపించినా సబ్బు కాని, మృదువైన కడ్డీ) లేదా క్లెన్సర్ వాడి, స్నానం పది నిమిషాల్లో ముగించండి. బిడ్డ బట్టలకు ఫ్యాబ్రిక్ కండిషనర్ అసలు అక్కర్లేదు.

ఆరో మెట్టు: కొత్తదాన్ని పరీక్షించుకోవడం

కొత్త లోషన్‌ను రూపాయి బిళ్లంత మేర, పుండు గానీ దద్దురు గానీ లేని చర్మం మీద, రోజుకు రెండుసార్లు చొప్పున వారం పాటు ఒకే చోట రాయండి. మోచేతి మడత లోపలివైపు సరైన చోటు. చేతులు నోట్లో పెట్టుకునే వయసైతే వీపు పైభాగం. ఒక్కరోజు రాసి ఏమీ కాలేదని తేల్చేయకండి, అలర్జీ దద్దురు బయటపడటానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. సబ్బు, షాంపూలను ఇలా రాసి వదిలేయకూడదు, వాటంతట అవే చర్మాన్ని మండిస్తాయి. స్నానంలో ఒక కాలికి మాత్రమే వాడి చూడండి. ఈ పరీక్ష ఇప్పటికే ఉన్న అలర్జీని పట్టిస్తుంది, ముందు ముందు కొత్తగా రాదని హామీ ఇవ్వదు. ఆ వారంలో మరో కొత్త వస్తువు మొదలుపెట్టకండి.

ఏడో మెట్టు: దద్దురు వస్తే

ముందుగా అనుమానమున్న వస్తువును ఆపి, సాదా నీళ్లతో కడిగి, పెట్రోలియం జెల్లీ మాత్రం రాయండి. తర్వాత ఫోనుతో ఒక ఫొటో, వస్తువు వెనకవైపు మరో ఫొటో తీసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి దద్దురు తగ్గిపోయి ఉండటం మామూలే. ఎక్కడ వచ్చిందన్నది సగం సమాధానం చెబుతుంది. పసిపిల్లల ఎగ్జిమా సాధారణంగా బుగ్గల మీద, చేతులు కాళ్ల బయటివైపు మొదలై, డైపర్ ఉండే చోటును వదిలేస్తుంది. వైప్ తగిలినంత మేర, డైపర్ చోటులోనో నోటి చుట్టూనో మాత్రమే ఎర్రబడితే ఆ వస్తువును అనుమానించాలి. మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము తెచ్చి రాయడం మాత్రం వద్దు. పెదవులు, కళ్లు వాచినా, ఊపిరి కష్టమైనా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. చీము, జ్వరం, పొక్కులు ఉంటే అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించండి.

దద్దురు మళ్లీ మళ్లీ వస్తుంటే ప్యాచ్ టెస్ట్ గురించి చర్మవైద్యుణ్ణి అడగండి. ఉస్మానియా, గాంధీ వంటి బోధనాసుపత్రుల చర్మవ్యాధుల విభాగాల్లోనూ విచారించవచ్చు. చిన్న చిన్న గదుల్లో అలర్జీకారకాలు నింపిన పట్టీలను వీపుకు అంటించి 48 గంటలు ఉంచుతారు, తీశాక ఒకసారి, మరో ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. పరిమళాల కోసం ఫ్రాగ్రెన్స్ మిక్స్ 1, ఫ్రాగ్రెన్స్ మిక్స్ 2, బాల్సమ్ ఆఫ్ పెరూ (ఒక చెట్టు బంక) అన్నవి వాడతారు. మొదటి మిశ్రమంలో ఎనిమిది, రెండోదాంట్లో ఆరు పదార్థాలుంటాయి. అన్ని రోజులూ వీపు తడవకూడదు, చెమటకు పట్టీలు ఊడిపోతాయి, కాబట్టి తొందర లేకపోతే హైదరాబాద్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు చేయించుకోవడం తేలిక. నోటి ద్వారా స్టెరాయిడ్ వాడుతుంటే ముందే చెప్పాలి, అది ఫలితాన్ని కప్పేయవచ్చు. గోళ్లతో గీరి లేదా రక్తంతో చేసే అలర్జీ పరీక్షలు ఈ రకం అలర్జీని పట్టుకోలేవు. ఆ ప్యాకేజీలకు డబ్బు పెట్టకండి.

ఫలితం తేలాక ఆ పదార్థాల పేర్లు ఇంగ్లీషులో రాసిన చీటీని ఫోనులో పెట్టుకుని, ఒక ప్రతి ప్లేస్కూలు ఆయాకూ, ఇంకొకటి బిడ్డకు నలుగు పెట్టే అమ్మమ్మకో నాయనమ్మకో ఇవ్వండి. వస్తువు మీద పదార్థాల జాబితా, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు ఉండాల్సి ఉండీ లేకపోతే, సీసానూ బిల్లునూ పారేయకుండా తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. పరిమళం లేదని ముందు రాసి వెనక జాబితాలో పర్‌ఫ్యూమ్ అని ఉంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు రెండు వైపుల ఫొటోలతో ఫిర్యాదు నమోదు చేయండి.